కోస్టారికా అడవి పక్కన ఇల్లు కొనడం ఎలా: కోతి, తాబేలు, వాగు బతికుండేలా

మా ఆవిడకీ నాకూ ఈ పిచ్చి సెలవుల్లో పట్టుకుంది. డాలస్ నుంచి వారం రోజులకని కోస్టారికా వెళ్లి, దక్షిణ పసిఫిక్ తీరంలో ఉవిటా దగ్గర కొండ మీద ఒక అద్దె ఇంట్లో దిగాం. మొదటి రోజు తెల్లవారుజామున హౌలర్ కోతులు అరుస్తుంటే ఏ పులో వచ్చిందనుకుని పిల్లలు మంచం దిగలేదు. మూడో రోజుకి "ఇక్కడో ఎకరం కొని పడేస్తే?" అనే మాట వచ్చేసింది. నాలుగో రోజు ఏజెంట్ కారులో ఉన్నాం. అతను చూపించిన ఆరు స్థలాలూ ఒకే అచ్చు. కొండ నెత్తిన ఎర్రమట్టి చదును, ఎదురుగా సముద్రం, ఆ సముద్రం కనబడడానికి కొట్టేసిన చెట్ల మొదళ్లు.

మేం ఇంకా కొనలేదు. ఆ మొదళ్లు చూశాక మా ఆవిడ "ఏం చూద్దామని వచ్చామో దాన్నే కొట్టేసి కూర్చుంటామా" అంది. ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నదంతా మీకోసం వరసగా రాస్తున్నాను. పెట్టుబడి సలహా మాత్రం కాదు. లాభం ఎంత వస్తుందో నన్ను అడగకండి.

ముందు అక్కడి కథ కాస్త తెలుసుకోండి

1940ల్లో కోస్టారికాలో ముప్పావు వంతు నేల అడవే. పశువుల మేత కోసం నరుక్కుంటూ పోతే 1980లకల్లా అది సుమారు పావు వంతుకు పడిపోయింది. ఇప్పుడు మళ్లీ సగం దాటింది. పోయిన అడవిని ఇంతగా వెనక్కి తెచ్చుకున్న ఉష్ణమండల దేశాలు చాలా తక్కువ. తమాషా ఏమిటంటే, ఆ తిరిగొచ్చిన అడవే ఇప్పుడు మనలాంటి వాళ్లని రప్పిస్తోంది. పట్టా ఉన్న భూమిని విదేశీయులు అక్కడి పౌరులతో సమానంగా కొనుక్కోవచ్చు. 2021లో వచ్చిన చట్టంతో ఇన్వెస్టర్ రెసిడెన్సీకి, అంటే పెట్టుబడి పెట్టి అక్కడ నివాస హక్కు పొందడానికి, కావాల్సిన మొత్తం 2 లక్షల డాలర్ల నుంచి లక్షన్నరకి దిగింది. క్వెపోస్ నుంచి దొమినికల్ దాకా తీరం రోడ్డుకి 2010లో తారు పడ్డాక ఉవిటా, ఓహోచల్ కొండల మీద స్థలాల బేరం ఊపందుకుంది.

విదేశీయుడు గొడ్డలి పట్టుకుని అడవి నరకడు. అతని వల్ల జరిగే నష్టం వేరే రకం. ఇక్కడో దారి, అక్కడో కరెంటు స్తంభం, ఒక కుక్క, ఒక దీపం, ఒక బోరు. ఒక్కొక్కటీ చిన్నదే. అందుకే ఎవరికీ తప్పు చేస్తున్నట్టు అనిపించదు.

మొదటి అడుగు: అడవి ముక్క కొనకండి

ఈ ఒక్క అడుగు సరిగ్గా వేస్తే మిగతావాటిలో సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ఏజెంట్లు చెప్పే మాట ఒకటుంటుంది: "ఇక్కడ అడవి చట్టం చాలా గట్టిది సార్, మీ చుట్టూ అడవి ఎప్పటికీ అలాగే ఉంటుంది." నిజమే, 1996 నాటి 7575 నంబరు చట్టం అడవి ఉన్న భూమిని వేరే వాడకానికి మార్చకూడదంటుంది. కానీ ఆ మాట చెప్పే 19వ సెక్షన్‌లోనే మినహాయింపులూ ఉన్నాయి. సొంత భూమిలోని అడవిలో అనుమతి తీసుకుని నివాస గృహం, దారి, పర్యాటకుల వసతి కట్టుకోవచ్చు. పెద్ద ఎస్టేటు ఉన్న రైతు అందులో ఒక ఇల్లు కట్టుకోవడానికి ఇది న్యాయమైన వీలే. అదే ఎస్టేటుని 40 ముక్కలు చేసి 40 మందికి అమ్మితే? 40 ఇళ్లు, 40 దారులు, 40 కరెంటు లైన్లు. ప్రతి ఒక్కటీ చట్టబద్ధమే, అడవి మాత్రం జల్లెడైపోతుంది. మన దగ్గర గుంటల లెక్కన అమ్మే ఫామ్‌ల్యాండ్ వెంచర్లు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకని నా వరస ఇది. అన్నిటికన్నా మేలు, ఊళ్లో ఇప్పటికే ఉన్న పాత ఇల్లు. దారి, కరెంటు, నీళ్లు అన్నీ ఎప్పుడో పడిపోయాయి కాబట్టి మీ వల్ల కొత్తగా పోయేది తక్కువ. అది నచ్చకపోతే పశువులు మేసి మేసి బోడిగా మిగిలిన పాత మేతబీడు కొనండి, దాని గురించి చివర్లో చెబుతాను. చెట్లున్న స్థలం మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు.

రెండో అడుగు: స్థలం పాత ముఖం చూడండి

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూసే వీలుంది. సర్వే ప్లాన్‌లో ఉన్న హద్దుల్ని దాని మీద పెట్టుకుని ఒక్కో ఏడాదీ వెనక్కి జరపండి. పదేళ్ల క్రితం ముదురాకుపచ్చగా ఉన్నచోట ఇప్పుడు పార్కులా పలచగా నాలుగు పెద్ద చెట్లు కనిపిస్తున్నాయంటే జాగ్రత్త.

అక్కడ దీన్ని 'సొకోలా' అంటారు. పెద్ద చెట్లని వదిలేసి కింది పొదల్నీ లేత చెట్లనీ నరికేయడం. కొనేవాడికి స్థలం శుభ్రంగా, గాలి వెలుతురుతో కనిపిస్తుంది. అసలు కారణం ఇంకోటి. చట్టం లెక్కలో అడవి అంటే కనీసం 2 హెక్టార్ల విస్తీర్ణం, 70 శాతానికి పైగా ఆకుల నీడ, హెక్టారుకు 15 సెంటీమీటర్ల మందం దాటిన చెట్లు 60కి మించి ఉండాలి. కింది చెట్లు నెమ్మదిగా మాయమైతే కొన్నాళ్లకి ఆ నేల కాగితం మీద అడవి కాకుండా పోతుంది.

మీ తరఫున ఒక ఫారెస్ట్ ఇంజనీర్‌ని పెట్టుకోండి. అమ్మేవాడు చూపించిన మనిషి వద్దు. "ఈ నేల చట్టప్రకారం అడవా, కాదా?" అని రాతపూర్వకంగా అడగండి. అక్రమంగా చెట్లు కొట్టినంత మాత్రాన ఆ నేల బయలు అయిపోదు. ఆ తలనొప్పి భూమితోపాటు మీకూ బదిలీ అవుతుంది.

మూడో అడుగు: గీతలు గీయండి

హైదరాబాద్‌లో ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు వింటేనే ఇప్పుడు ప్లాట్లు కొనేవాళ్లు ఉలిక్కిపడుతున్నారు కదా. కోస్టారికాలో కూడా అలాంటి గీతలున్నాయి, ఇంకా స్పష్టంగా ఉన్నాయి. నీటి ఊట చుట్టూ 100 మీటర్లు. పల్లెల్లో సమతలంగా ఉంటే వాగుకి రెండు వైపులా 15 మీటర్లు, పట్టణాల్లో 10. గట్టు ఏటవాలుగా ఉంటే 50. ఈ పట్టీల్లో చెట్టు కొట్టకూడదు. కొండ స్థలాల్లో ఈ గీతలన్నీ గీసి చూస్తే ఒక్కోసారి ఇల్లు కట్టే చోటే మిగలదు. అందుకే ఆ స్థలం అంత చవక.

సముద్రం పక్కనైతే 1977 నాటి 6043 చట్టం వర్తిస్తుంది. పోటు గీత నుంచి మొదటి 50 మీటర్లు ప్రజలవి, ఎవరికీ ఇవ్వరు. తర్వాతి 150 మీటర్లు మునిసిపాలిటీ కన్సెషన్ మీద ఇస్తుంది. మన అసైన్డ్ భూమిలాంటిదనుకోండి, చేతిలో ఉన్నా సొంతం కాదు. ఆ కన్సెషన్ కూడా విదేశీయుడికి రావాలంటే దేశంలో 5 ఏళ్లు నివాసం ఉండాలి. దీన్ని దాటడానికి ఊళ్లో ఎవరి పేరునో పెట్టుకుని కొనే పద్ధతి ఉంది. బినామీ అనండి. ఆ జోలికి పోవద్దు. మడ అడవి ఎక్కడ ఉన్నా అది ప్రజల ఆస్తే. "మడలో కాస్త మెరక పోసి డాక్ కట్టుకోవచ్చు" అని ఎవరైనా అంటే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.

కాగితాల విషయం క్లుప్తంగా: లాయర్ మీ సొంతం అయి ఉండాలి, అక్కడ నోటరీ పని చేసేది కూడా లాయరే. నేషనల్ రిజిస్ట్రీలో భూమి మీద తాకట్టులాంటి బాధ్యతలేమైనా ఉన్నాయేమో చూడాలి. మునిసిపాలిటీ నుంచి భూ వినియోగ పత్రం, నీటి సంస్థ నుంచి నీళ్లు ఇస్తామన్న లేఖ కావాలి. కట్టబోయేదాన్ని బట్టి పర్యావరణ అనుమతి సెటెనా అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది, చెట్టు కొట్టాలంటే అడవుల్ని చూసే సినాక్‌ని అడగాలి. ఈ పేర్లు రెండూ గుర్తుపెట్టుకోండి. "సెటెనా అక్కర్లేదు, చిన్న ఇల్లే కదా" అనే మాట ఏజెంట్ నోట వినొద్దు, లాయర్ చేత రాయించుకోండి.

నాలుగో అడుగు: బురద ఎటు పోతుందో చూడండి

సముద్రం కనబడే కొండ స్థలాల అసలు కథ ఇది. ఎవరూ చెప్పరు.

ఉవిటా చుట్టుపక్కల ఏడాదికి 3 వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేది 800 చుట్టుపక్కల. అంత వాన పడే కొండ నెత్తిని ఎక్స్‌కవేటర్‌తో కోసి చదును చేస్తే, తవ్విన మట్టిని అంచు మీద నుంచి కిందికి తోసేస్తే, మే నెలలో మొదలయ్యే వానలు దాన్ని ఎక్కడికి తీసుకెళ్తాయి? వాగులోకి, అక్కడి నుంచి సముద్రంలోకి. కింద ఉన్నది మరీనో బయేనా నేషనల్ పార్క్. 1989 నుంచి రక్షిత ప్రాంతం. పగడపు దిబ్బలున్నాయి, ఏటా హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి. పగడం ఎండ తగిలితే బతికే జీవి, బురద నీళ్లు దాన్ని నెమ్మదిగా కప్పేస్తాయి. అంటే మీరు బాల్కనీలో కూర్చుని చూసే ఆ సముద్రాన్ని మీ బాల్కనీయే పాడుచేస్తుంది.

అదే కొండల్లో 'పాసో దె లా దాంతా' అనే జీవవైవిధ్య కారిడార్ ఉంది. దాంతా అంటే టేపిర్, పొట్టి తొండంలాంటి ముక్కుతో 200 కిలోలు దాటి బరువు తూగే జంతువు, మధ్య అమెరికాలో నేల మీద తిరిగే అడవి క్షీరదాలన్నిటికన్నా పెద్దది. ఓసా ద్వీపకల్పం అడవుల్నీ పైనున్న తలమాంకా పర్వతాల్నీ కలిపే దారి అది. ప్రతి కొండ నెత్తినా ఒక ఇల్లు, దానికో గేటు వస్తే జంతువు ఆ దారి వదిలేస్తుంది.

కాబట్టి వానాకాలంలోనే వెళ్లండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్య ఎండల్లో చూసి కొనేవాళ్లే ఎక్కువ, అదే పొరపాటు. జోరువానలో స్థలం అంచున నిలబడి నీళ్లు ఏ రంగులో, ఎటు పోతున్నాయో చూడండి. ఇప్పటికే చదును చేసిన స్థలమైతే తోసిన మట్టి ఎక్కడుందో అడగండి. కొత్తగా కట్టేటట్టయితే కొండని కోయకుండా స్తంభాల మీద ఇల్లు లేపమని ఆర్కిటెక్ట్‌కి చెప్పండి, మట్టి పని ఎండాకాలంలోనే ముగించండి. నెత్తి మీద వద్దు, పక్కవాలులో కట్టుకోండి. సముద్రం కాస్త తక్కువ కనిపిస్తుంది, అంతే.

ఐదో అడుగు: నీళ్లు ఎవరివి?

ఉత్తరాన గ్వానకాస్తే ప్రాంతం వేరు. అక్కడ ఎండాకాలం ఆకులు రాల్చే అడవి. కొత్తగా కొన్నవాళ్లు అది చచ్చిపోయిందనుకుని లాన్ వేయించి నీళ్లు కొడతారు. 2008లో సార్దినాల్ అనే ఊరివాళ్లు రోడ్డెక్కారు. తీరంలో హోటళ్లు, అపార్ట్‌మెంట్ల కోసం తమ ఊరి కింద ఉన్న నీటిని పైపులైన్‌లో తీసుకుపోతున్నారని వాళ్ల గోడు. బోర్లు ఎండితే ఏమవుతుందో రాయలసీమలోనో పాలమూరులోనో పుట్టినవాళ్లకి నేను చెప్పాలా? నీటి లేఖ లేని స్థలం కొనకండి, "బోరు వేసుకుందురు" అంటే నమ్మకండి, స్విమ్మింగ్ పూల్ లేకుండా బతకగలరేమో మీ మనసుని అడగండి.

ఆరో అడుగు: కరెంటు తీగ

నోసారా పేరు విన్నారా? 1970ల నుంచి అమెరికన్లు కొనుక్కుంటూ వచ్చిన తీరప్రాంతం. ఇప్పుడు యోగా, సర్ఫింగ్‌కి పేరు. అడవిలోనే ఇళ్లున్నాయి, చెట్ల మధ్య నుంచే తీగలు పోతాయి. హౌలర్ కోతి నేల మీదికి దిగడానికి ఇష్టపడదు. కొమ్మలు తెగిపోయిన చోట దానికి తీగే కొమ్మ. తొడుగు లేని తీగనీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ ఒకేసారి పట్టుకుంటే షాక్ కొడుతుంది. తల్లి చనిపోయి, దాన్ని కరుచుకున్న పిల్ల ప్రాణాలతో దొరకడం అక్కడి జంతు సంరక్షణ కేంద్రాలకి మామూలు విషయం. బేబీ కోతికి సీసాతో పాలు పట్టే ఆ ముద్దొచ్చే వీడియోల వెనక ఉన్నది ఇదే.

ఇందులో మీ చేతిలో ఉన్నది చాలానే. కొత్త కనెక్షన్ తీసుకుంటే స్తంభం నుంచి ఇంటి దాకా తీగని భూమిలోంచి వేయించండి. అది కుదరకపోతే తొడుగున్న తీగ, ట్రాన్స్‌ఫార్మర్ కొనలకి ఇన్సులేషన్ తొడుగులు కావాలని విద్యుత్ సంస్థకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. పాత ఇల్లు కొంటే ముందుగా చూడాల్సింది వంటగది కాదు, గేటు బయట ఉన్న ట్రాన్స్‌ఫార్మర్. దారిని సన్నగా ఉంచి, దాని మీద రెండు వైపుల కొమ్మలు కలిసేలా వదిలేయండి, కోతికి అదే వంతెన. కొమ్మలు కలవని చోట మందపాటి తాళ్లతో వంతెన కడతారు. మనుయెల్ ఆంతోనియో నేషనల్ పార్క్ దగ్గర టిటీ అని పిలిచే చిన్న స్క్విరల్ మంకీల కోసం అలాంటివి చాలా కట్టారు. కోస్టారికా, పనామాల పసిఫిక్ తీరంలో తప్ప ఆ కోతి ఇంకెక్కడా లేదు.

ఏడో అడుగు: బీచ్ పక్కనైతే దీపం ఆర్పండి

గుడ్డులోంచి బయటికొచ్చిన తాబేలు పిల్ల వెలుతురు ఎటుంటే అటు నడుస్తుంది. సహజంగా రాత్రి సముద్రం వైపే వెలుతురు ఎక్కువ. మీ వరండా దీపం దాన్ని ఇంటి వైపు నడిపిస్తుంది. మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లే నోసారా పక్కన ఓస్తియొనాల్‌కి వేలకొద్దీ వచ్చి గుడ్లు పెడతాయి. గ్వానకాస్తేలోనే ప్లాయా గ్రాందే అనే బీచ్‌కి వచ్చేవి ఇంకా పెద్దవి, లెదర్‌బ్యాక్‌లు. అక్కడ 1988–89లో 1,367 ఆడ తాబేళ్లు లెక్కకొస్తే, పదేళ్లకి 117 మిగిలాయి. దీనికి ఇళ్లే కారణమంటే అబద్ధమవుతుంది. గుడ్లు తవ్వుకుపోవడం, చేపల వలలు, గాలాలు పెద్ద కారణాలు. కానీ మిగిలిన కాసిన్నింటి ముందు దీపాలు వెలిగించడం న్యాయమా?

ఆ బీచ్ వెనక ఇళ్ల స్థలాల్ని పార్కులో కలపబోతే విదేశీ యజమానులు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లారు. 2012లో ఒక జర్మన్ కేసులో కోస్టారికా సుమారు 31 లక్షల డాలర్లు, పైన వడ్డీ కట్టాల్సి వచ్చింది. అంతకుముందు గ్వానకాస్తేలో శాంతా ఎలేనా ఎస్టేటు కథ ఉంది. ఎక్కువగా అమెరికన్ల వాటాలున్న కంపెనీ రిసార్ట్ కోసమని 1970లో సుమారు 3,95,000 డాలర్లకి కొన్న భూమిని ప్రభుత్వం 1978లో పార్కు కోసం తీసుకుంటే, పరిహారం తేలేసరికి 2000వ సంవత్సరం వచ్చింది. పరిహారం వడ్డీతో కలిపి కోటీ 60 లక్షల డాలర్లు. ఆ డబ్బు వాళ్లకి రావాల్సిందేనేమో, అది వేరే వాదన. విదేశీయుడి చేతికి వెళ్లిన నేలని మళ్లీ అడవికి తేవాలంటే ఒక చిన్న దేశానికి ఎంతవుతుందో చూడండి. పార్కు హద్దు పక్కన, హద్దు మీద వివాదం ఉన్నచోట కొనకపోవడం అందరికీ మంచిది.

బీచ్ దగ్గర ఇల్లు ఉంటే తక్కువ వెలుతురు, ఎరుపు లేదా కాషాయ రంగు బల్బులు, నేల వైపుకే పడేలా మూతలు, సముద్రం వైపు మందపాటి కర్టెన్లు. అంతకన్నా ఏమీ లేదు.

ఎనిమిదో అడుగు: ఇంట్లోకి దిగాక

చకచకా చెప్పేస్తాను. ముళ్లకంచె, కాంపౌండ్ గోడ వద్దు. అక్కడ రైతులు గ్లిరిసిడియా కొమ్మలు పాతి బతికున్న కంచె వేస్తారు. మన పొలం గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లిరిసిడియానే, పుట్టిల్లు అదే. పిల్లిని ఇంట్లోనే ఉంచండి, కుక్కని రాత్రి వదలకండి. ఎలుకల మందు పెట్టకండి, మందు తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే అదీ పోతుంది. నిజానికి కొండచిలువ లాంటి బోవా ఒకటి పెరట్లో తిరుగుతుంటే ఎలుకల మందు ఖర్చు మిగులుతుంది, మా ఆవిడ మాత్రం దీనికి ఒప్పుకోవడం లేదు. విషప్పాము వస్తే చంపకండి, ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. పెద్ద అద్దాల కిటికీలకి బయటి వైపు 5 సెంటీమీటర్లకొక చుక్క చొప్పున అంటిస్తే పక్షులు గుద్దుకోవు. కోతికి అరటిపండు పెట్టకండి. తిరుపతి కొండ మెట్ల మీద కోతులు ఎలా తయారయ్యాయో చూశారుగా.

తొమ్మిదో అడుగు: బీడుని అడవి చేయండి

మేతబీడు కొనమన్నాను కదా. ఇల్లు ఒక మూలకి కట్టుకుని మిగతాది వదిలేయండి. దగ్గర్లో అడవి ఉంటే పక్షులు, గబ్బిలాలే విత్తనాలు తెస్తాయి. పశువుల్నీ మంటనీ ఆపడమే మీ పని. వాగు పక్కన మాత్రం నాటండి, ఆ ఊరి చెట్లే. అక్కడి సెనీసారో చెట్టు చూసి నేను ఆగిపోయాను. హైదరాబాద్ రోడ్ల మీద నీడనిచ్చే మన నిద్రగన్నేరే అది, అక్కడి నుంచి మన దగ్గరికి వచ్చింది. మామిడి, కొబ్బరి ఇంటి చుట్టూ నాలుగు వేసుకోండి, తప్పులేదు. స్థలం పెద్దదైతే ఫోనాఫిఫోని అడగండి. అడవిని కాపాడినందుకు యజమానికి డబ్బిచ్చే సంస్థ అది. ఆ డబ్బులో చాలా భాగం పెట్రోలు మీద వేసే పన్ను నుంచి వస్తుంది.

పదో అడుగు: మీరు లేనప్పుడు

ఏడాదిలో మీరు అక్కడ ఉండేది నెల. మిగతా 11 నెలలు ఆ ఇల్లు కేర్‌టేకర్ చేతిలో, అద్దెకి వచ్చేవాళ్ల చేతిలో ఉంటుంది. ధరలన్నీ డాలర్లలోకి మారాక ఊరివాళ్లు తీరం వదిలి లోపలి కొండల్లోకి పోతారు, అక్కడ వాళ్ల ఇళ్లకి మళ్లీ నేల చదును చేయాలి. మీ ఇంటి వల్ల పోయే అడవి మీ హద్దులోపలే ఉండాలని లేదు. కేర్‌టేకర్‌ని ఆ ఊరివాళ్లలోంచే పెట్టుకుని, చట్టప్రకారం సోషల్ సెక్యూరిటీ కట్టండి. వీలైతే పెరట్లోనో ఊళ్లోనో అతనికి ఇల్లు చూపించండి.

అద్దెకి వచ్చేవాళ్ల కోసం ఫ్రిజ్ మీద ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఒక కాగితం అంటించండి. రాత్రి ఎనిమిది దాటాక బయటి దీపాలు వద్దు. జంతువులకి తిండి పెట్టొద్దు. పాము కనిపిస్తే 911. ఎవరైనా చెట్టు కొడుతున్నా, వాగులోకి మట్టి తోస్తున్నా పర్యావరణ ఫిర్యాదుల నంబరు 1192. మా ఆవిడ ఈ కాగితాన్ని లామినేట్ కూడా చేయించింది. ఇల్లు ఇంకా కొనలేదు, కాగితం మాత్రం మా డాలస్ ఫ్రిజ్ మీద ఉంది.